ఆకుపచ్చ కింద ఏముంది

శనివారం ఉదయం ఆరు గంటలకు ఓట్మార్ క్లెంక్ వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు. ఆ రోజు ఓవెన్ ఎప్పుడు ఎవరిదో అందులో రాసి ఉంది. ఆరున్నర నుంచి తొమ్మిది వరకు భార్య రోస్విటా బ్రెట్సెల్‌లు, అంటే ముడివేసి కాల్చే రొట్టెలు. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర వరకు ఇంజను. మూడు గంటలకు పై అంతస్తులో పుట్టినరోజు.

రోస్విటా కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య ఎవరిది?"

"ఎవరిదీ కాదు. చల్లారాలి. రంగు ఎండడానికి ఎనభై డిగ్రీలే కావాలి."

"నా ఓవెన్‌లో నాకు టైం టేబులా? ముప్ఫై ఏడు ఇంజన్లు కాల్చావు ఇందులో. పోయిన క్రిస్మస్‌కి బాతు తింటే వార్నిష్ వాసన కొట్టింది."

"తిన్నారు కదా అందరూ."

"మొహమాటానికి తిన్నారు."

ఓట్మార్ నలభై ఏళ్ళు పళ్ళసెట్లు తయారుచేసి రిటైరైనవాడు. పింగాణీ పన్నును ఎన్ని డిగ్రీల దగ్గర కాల్చాలో, ఎన్ని నిమిషాలకు తీయాలో వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళు ఖాళీగా ఉండలేక పాత బొమ్మ రైలింజన్లకు మరమ్మతులు చేసి రంగులు వేయడం మొదలుపెట్టాయి. వాళ్ళ ఊరు గైస్లింగెన్‌లో ఎవరింటి అటకమీద తుప్పుపట్టిన ఇంజను దొరికినా అది చివరికి ఓట్మార్ నేలమాళిగకు చేరేది.

ఈ ముప్ఫై ఎనిమిదో ఇంజను పై అంతస్తులో ఉండే మటిల్డా బాష్‌ది. కాదంటే, ఉల్మ్‌లో ఉండే ఆమె అన్న రైన్‌హోల్డ్‌ది. ఎవరిదన్నదే తగువు. ఆ తగువుకు ఎనభై రెండేళ్ళు.

వాళ్ళ నాన్న రైలు పెట్టెలకు రంగులు వేసే కార్ఖానాలో గీతలు గీసేవాడు. పెట్టె పొడవునా పసుపు గీత ఒక్క ఊపిరిలో లాగేవాడట. ఒక క్రిస్మస్‌కు ఆయన రెండు నల్ల రేకు ఇంజన్లు కొన్నాడు. తాళంచెవి తిప్పితే నడిచేవి. కొడుకుదానికి ఆకుపచ్చ, కూతురుదానికి నీలం తన చేత్తో వేసి ఇచ్చాడు. రెండేళ్ళకు అందులో ఒకటి ఫిల్స్ నదిలో పడిపోయింది. పడింది నీలందే అని పదేళ్ళ రైన్‌హోల్డ్ చెప్పాడు. మిగిలింది ఆకుపచ్చదే కాబట్టి ఇంట్లో అందరూ నమ్మారు. ఎనిమిదేళ్ళ మటిల్డా మాత్రం, ఆకుపచ్చ కింద నీలం ఉందని, నదిలో పడింది అన్నయ్యదేనని, తనదానికి వాడు రంగు మార్చాడని చెప్పింది. అప్పటి నుంచీ చెబుతూనే ఉంది. పెళ్ళిలో చెప్పింది, తల్లి అంత్యక్రియల్లో చెప్పింది. మొన్న ఈస్టర్‌కు రైన్‌హోల్డ్ తన ఇల్లు ఖాళీ చేసి చిన్న గదికి మారుతూ ఆ ఇంజను ఆమెకు పంపాడు. చీటీలో ఇలా రాశాడు: "నీది పోగొట్టుకున్నావుగా, నాది ఉంచుకో."

ఆమె దాన్ని తీసుకుని నేరుగా ఓట్మార్ దగ్గరకు దిగింది.

"దీని కింద నీలం ఉంది, క్లెంక్ గారూ. నా తొంభయ్యో పుట్టినరోజుకి మా అన్న వస్తున్నాడు. వాడి ముందు పెట్టాలి. అంతే నాకు కావలసింది."

ఇలాంటి పనికి ఒక పద్ధతి ఉంది. రంగు మొత్తం తీసే ముందు బయటికి కనపడని చోట గోరంత మేర గీకి, ఏ పొర కింద ఏ పొర ఉందో చూసుకోవాలి. దాన్ని కిటికీ తెరవడం అంటారు. ఓట్మార్ ఇంజనును తిరగేసి అడుగురేకు మీద కిటికీ తెరిచాడు. సాక్షిగా ఫోల్కర్ రీట్‌ను పిలిచాడు. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన ఫోల్కర్ ఊళ్ళో బొమ్మ రైళ్ళ సంఘానికి పద్దెనిమిదేళ్ళుగా అధ్యక్షుడు. ఎన్నికలు జరుగుతాయి, కానీ ఆయనమీద ఎవరూ నిలబడరు.

ఫోల్కర్ భూతద్దం పెట్టి చూశాడు. ఆకుపచ్చ. దాని కింద నలుపు. మధ్యలో ఏమీ లేదు.

"నీలం లేదు. ఆమె అన్న చెప్పిందే నిజం."

"బాష్ గారికి ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పు. జ్ఞాపకం సాక్ష్యం కాదు ఓట్మార్. రంగు సాక్ష్యం."

ఓట్మార్ చెప్పాలనే అనుకున్నాడు. రెండు వారాల పాటు రోజూ అనుకున్నాడు. గురువారం మెట్ల మీద ఆమె ఎదురై, "కనిపించిందా నీలం?" అంది. ఆయన నోట్లోంచి "వస్తోందండీ" అని వచ్చింది.

అలా అన్నాక ఇక మిగిలింది ఒకటే దారి. రంగు మొత్తం లోహం దాకా తీసేసి, కొత్తగా నీలం వేసి, ఇదే కింద దొరికిందని చెప్పడం. ఆకుపచ్చ మీదే నీలం పూస్తే రేపు ఎవరైనా గీకితే దొరికిపోతాడు. కాబట్టి మొత్తం పోవాలి. శుక్రవారం నీలం డబ్బా కొన్నాడు. రాత్రి భోజనం దగ్గర భార్యకు చెప్పాడు.

"తొంభై రెండేళ్ళ మనిషిని దొంగను చేస్తున్నాను, రోస్విటా."

"ఎనభై రెండేళ్ళు గెలిచాడుగా. ఒక్క పూట ఓడిపోతే ఏం పోయింది?"

ఆ మాట ఆయనకు కొంత ధైర్యమిచ్చింది.

రంగు తీయడానికి కాస్టిక్ సోడా నీళ్ళు కావాలి. బ్రెట్సెల్‌లకు ఆ గోధుమ రంగు తొక్క రావడానికి కావలసిందీ అవే, కాకపోతే పలచగా. అందుకని క్లెంక్ దంపతుల ఇంట్లో సోడా డబ్బా ఒక్కటే ఉండేది. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఎవరి బకెట్ వాళ్ళు కలుపుకున్నారు. ఆమె ఐదు లీటర్ల నీళ్ళకు ఒక గిన్నెడు వేసింది. ఆయన ఎనిమిది లీటర్లకు ఎనిమిది గిన్నెలు వేశాడు. రెండూ మాంసం కొట్టువాడు బంగాళాదుంప సలాడ్ పోసిచ్చిన తెల్ల బకెట్లే. ఒక మూత మీద "రోస్విటా" అని, ఇంకో మూత మీద "ఇంజను – ముట్టుకోవద్దు" అని ఓట్మార్ పెన్సిల్‌తో రాశాడు. రెండింటినీ నేలమాళిగ మెట్ల దగ్గర పెట్టాడు. పళ్ళసెట్ల పని చేసినంత కాలం మూత మీద పేరు రాసిన కుర్రవాళ్ళను ఆయన తిట్టేవాడు. పేరు గిన్నె మీద రాయాలి, ఎందుకంటే మూతలు తారుమారవుతాయి. సొంత ఇంట్లో అది గుర్తుకు రాలేదు.

ఆ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు క్లెంక్‌లది. తలుపుకు పలక వేలాడుతోంది. పలక ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు, నేలమాళిగ, వీధి గుమ్మం అన్నీ వాళ్ళవే. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అందరూ దుమ్ముందేమోనని వేలితో రుద్ది చూస్తారు. పుట్టినరోజుకు బంధువులు వచ్చే రోజున మెట్ల మీద దుమ్ము ఉంటే రోస్విటా ఆ ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోవాల్సిందే. ఆమె అయిదింటికే లేచి మాళిగ మెట్లు తుడిచింది. బకెట్లు జరిపింది. మూతల మీద పిండి మరకలు కనిపించాయి. రెండు మూతలూ తీసి, కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టింది.

ఆరున్నరకు ఓట్మార్ ఇంజను చక్రాలు, లోపలి గడియారపు స్ప్రింగు విడదీసి, రేకు ఒంటిని పటకారుతో పట్టుకుని, తన మూత ఉన్న బకెట్‌లో ముంచాడు. సెలవు అన్నట్టు ఒక క్షణం ఆగాడు. గంటన్నరలో ముప్పావు పొరలు పోతాయి, రెండున్నర గంటల్లో రేకు మెరవాలి. మూత పెట్టి పైకి వచ్చాడు.

రోస్విటా అప్పటికే రబ్బరు చేతితొడుగులు వేసుకుని ముడులు వేసిన పిండిని తన బకెట్ నుంచి తోడిన నీళ్ళలో ముంచి తీస్తోంది. నీళ్ళు తగలగానే పిండి పసుపుపచ్చగా మారింది. కొత్త మరలో ఆడించిన పిండి కదా, అందుకే అనుకుంది. ఇరవై నిమిషాల్లో మొదటి పళ్ళెం బయటికి వచ్చింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంట్లో బ్రెట్సెల్‌లు చేస్తున్నారు. అలాంటివి ఎప్పుడూ రాలేదు. తేనెరంగు దాటి, గోధుమరంగు దాటి, పియానో చెక్క రంగులో ఉన్నాయి. కిటికీ వాటి మీద కనిపిస్తోంది. ఓట్మార్ వంగి చూస్తే తన ముఖం కనిపించింది.

"ఏం చేశావు?"

"ఎప్పుడూ చేసేదే చేశాను," అంది రోస్విటా మెల్లగా. ఎవరో చర్చిలో మాట్లాడినట్టు ఉంది. "పోయిన ఏడాది రాళ్ళన్నావు. ఇప్పుడు అను."

ఓట్మార్ స్నానానికి వెళ్ళాడు. పుట్టినరోజు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. తొమ్మిదింటికి మాళిగలోకి దిగి, కళ్ళద్దాలు, తొడుగులు వేసుకుని, మూత తీసి, పటకారుతో ఇంజనును పైకెత్తాడు.

ఆకుపచ్చ రంగు ముడతలు పడి ఉంది. కుళాయి తిప్పాడు. నీళ్ళు తగలగానే అది పాలమీద మీగడలా ఒక అంచు నుంచి మొదలై, మడతలు పడుతూ, పూర్తిగా జారిపోయింది.

కింద నీలం ఉంది.

ఓట్మార్ ముందుగా బల్ల మీది డబ్బా వైపు చూశాడు. తను కొన్న నీలం ఒలికి ఇందులో పడిందేమోనని. డబ్బా మూత బిగించే ఉంది. దాని మీద ఉన్నది ఆకాశనీలం. ఇది అది కాదు. ఇది చీకటి పడేముందు కొండమీద కనిపించే నీలం. దాని మీద సన్నని పగుళ్ళు ఉన్నాయి, ఎండిన చెరువు అడుగులో ఉన్నట్టు. అలాంటి పగుళ్ళను ఎవరూ వేయలేరు. కాలం ఒక్కటే వేస్తుంది, అదీ తొందరలేకుండా.

ఇంకొంచెం కడిగాడు. పసుపు గీత కనిపించింది. నీళ్ళ తొట్టి చుట్టూ, డ్రైవరు గది చుట్టూ, వెంట్రుక వెడల్పున, ఎక్కడా ఆగకుండా, మూలల దగ్గర గుండ్రంగా తిరిగి వచ్చి తన మొదలును తానే కలుసుకుంది. ఎక్కడ కలిసిందో తెలియడం లేదు. పళ్ళపని చేసేవాళ్ళ భూతద్దం కళ్ళకు తగిలించుకుని చూశాడు. అయినా తెలియలేదు. నలభై ఏళ్ళు వెంట్రుకల వెడల్పులో పనిచేసినవాడు కాబట్టి తన ముందు ఉన్నదేమిటో ఆయనకు తెలుసు. బొగ్గు పెట్టె మీద కూర్చున్నాడు. ఇంజను ఒళ్ళో ఉంది. అంత్యక్రియల్లో తప్ప ఎప్పుడూ తీయని టోపీ తీశాడు. ఎందుకు తీశాడో తెలియదు.

కాసేపటికి బుర్ర పనిచేయడం మొదలైంది. అంత ఘాటు నీళ్ళలో రెండున్నర గంటలు ఉంటే నీలం కూడా ఎందుకు పోలేదు? బకెట్‌లోకి తొంగిచూశాడు. తను ఎనిమిది లీటర్లు పోశాడు. ఇందులో ఐదే ఉన్నాయి.

ఇవి బ్రెట్సెల్ నీళ్ళు. అందుకే బ్రష్‌తో పూసిన పైపొర మాత్రమే ఊడింది. బాష్ గారి నాన్న ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచిన పొర నిలబడింది.

అయితే బ్రెట్సెల్‌లు?

ఓట్మార్ లేచాడు. ఇంజనును తువ్వాలులో చుట్టి మెట్లెక్కాడు. కొత్తగా మైనం రుద్దిన మెట్లు. మూడో మెట్టు మీద జారి, ఇంజను కిందపడకూడదని మోకాలు మీద పడ్డాడు. మాళిగ నుంచి వంటిల్లు దాకా ఆకుపచ్చ చుక్కలు.

రోస్విటా ముందు చుక్కలను చూసింది.

"నా మెట్లు!"

"బ్రెట్సెల్‌లు ఎవరైనా తిన్నారా?"

"పెయింటు! పొద్దున్న అయిదింటి నుంచి వంగి తుడిచిన మెట్లమీద..."

"రోస్విటా, తిన్నారా లేదా? ఎవరూ తినకూడదు!"

ఆమె పిండి చేతులు నడుముమీద పెట్టుకుంది.

"ఏమన్నావు? పోయిన ఏడాది రాళ్ళన్నావు. ఊరుకున్నాను. ఈసారి చూసి నోరెళ్ళబెట్టావు. ఇప్పుడు తినకూడదా?"

"మూతలు కడిగావా?"

"పలక మన తలుపుకే ఉంది. కడక్కుండా ఎలా ఉంటాను?"

"ఏ మూత దేనికి పెట్టావు?"

ఆమె నోరు తెరిచి, మూసింది. పళ్ళెంలో మెరుస్తున్న వాటి వైపు చూసింది.

"అయితే నా బ్రెట్సెల్‌లు..."

"ఇంజను రంగు తీసే నీళ్ళలో మునిగాయి."

"మరి నీ ఇంజను?"

"బ్రెట్సెల్ నీళ్ళలో."

రోస్విటా కుర్చీలో కూర్చుంది. తర్వాత ఆమె ముఖంలో ఇంకో సంగతి మెదిలింది.

"మూడు పైకి పంపాను. రైన్‌హోల్డ్ గారు తొలి బండికే వచ్చేశారు. ఆయనకొకటి, బాష్ గారికొకటి. ఫోల్కర్ పువ్వులు పట్టుకొచ్చాడు. నీకోసం మాళిగలోకి దిగాడు, లేవన్నాడు, పైకి వెళ్ళాడు. వాడి చేతిలో ఒకటి."

"మాళిగలోకి దిగాడా?"

"దిగాడు. ఏదో చూసినట్టు మొహం పెట్టుకుని వచ్చాడు."

కింద మాళిగలో బల్ల మీద ఆకాశనీలం డబ్బా ఉంది, పక్కన బ్రష్ ఉంది. ఓట్మార్‌కు అది ఆలోచించే తీరిక లేదు. కళ్ళద్దాలతోనే, తొడుగులతోనే, తువ్వాలు చంకలో పెట్టుకుని రెండు అంతస్తులు ఎక్కాడు.

తలుపు తీసే ఉంది. బాష్ గారి ముందుగదిలో రైన్‌హోల్డ్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, తన బ్రెట్సెల్‌ను వెలుతురుకు పట్టి తిప్పుతున్నాడు. మటిల్డా తనదాన్ని పింగాణీ గిన్నెలో, పూలకుండీ పక్కన నిలబెట్టింది. ఫోల్కర్ నిలబడి ఓట్మార్ గురించి ఏదో చెబుతున్నాడు. మాటకూ మాటకూ మధ్య బ్రెట్సెల్‌ను నోటిదాకా తెస్తున్నాడు.

ఓట్మార్ ఒక్క అంగలో వెళ్ళి దాన్ని లాక్కున్నాడు.

"తినొద్దు!"

గదిలో అందరూ ఆగిపోయారు.

"చూశారా?" అన్నాడు ఫోల్కర్, ఖాళీ చెయ్యి అలాగే గాలిలో ఉంచి. "మన దగ్గర ఏమేమి దాస్తున్నాడో వాడికే తెలుసు."

"మీరు తిన్నారా?" ఓట్మార్ మటిల్డా వైపు తిరిగాడు.

"దాన్నెలా తింటానండీ? అంత అందంగా ఉంటే. అందరూ చూసే దాకా ఉంచుదామని."

"మీరు?"

"నా పళ్ళసెట్టు ఇంకా గ్లాసులోనే ఉంది," అన్నాడు రైన్‌హోల్డ్. "పన్నెండేళ్ళ కిందట మీరే చేశారు. మొదటి రోజు నుంచీ వదులే."

ఓట్మార్ తువ్వాలును బల్ల మీద పెట్టి, మూడు బ్రెట్సెల్‌లనూ దాని కొసలో వేసి మూటకట్టాడు. ఆ కంగారులో తువ్వాలు విడిపోయింది. లోపలి నీలం ఇంజను కనిపించింది.

మటిల్డా లేచి నిలబడబోయి, మళ్ళీ కూర్చుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఫోల్కర్ అన్నాడు: "ఇంకా తడిగానే ఉంది. ఇప్పుడే వేశావు."

"వెయ్యలేదు. బయటపడింది."

"నీ బల్లమీద నీలం డబ్బా చూశాను. బ్రష్ చూశాను. మనిద్దరం కలిసి కిటికీ తెరిచాం. ఆకుపచ్చ కింద నలుపు. సంఘం పుస్తకంలో సంతకం కూడా చేశావు. ఇప్పుడు నీలమెక్కడి నుంచి వచ్చింది?"

రైన్‌హోల్డ్ బ్రెట్సెల్ పోయిన చేతివేళ్ళను రుద్దుకుంటున్నాడు.

నిజం ఒక్కటే మిగిలింది. ఓట్మార్ దాన్ని చెప్పడానికి నోరు తెరిస్తే, దానితోపాటు తను ఆడదామనుకున్న అబద్ధం కూడా బయటపడక తప్పదు.

"డబ్బా నాదే," అన్నాడు. "నీలం వేద్దామనే కొన్నాను. కింద నలుపు కనిపించింది కాబట్టి, బాష్ గారి మాట తప్పనుకున్నాను. అయినా ఆమె ముందు నీలం పెట్టి, ఇదే దొరికిందని చెబుదామనుకున్నాను. అందుకే రంగంతా తీసేసే నీళ్ళు కలిపాను. అవి బ్రెట్సెల్‌ల మీదికి పోయాయి. బ్రెట్సెల్ నీళ్ళు దీనిమీదికి వచ్చాయి. ఆ నీళ్ళకి పైపొర ఒక్కటే ఊడింది. ఈ నీలం నేను వేసింది కాదు. వెయ్యడానికి సిద్ధపడ్డవాణ్ణి కాబట్టి చెప్పగలను. ఇలా వెయ్యడం నా చేత కాదు."

మటిల్డా ఆయన వైపు చూసింది.

"అంటే మీరూ నన్ను నమ్మలేదన్నమాట."

"లేదండీ."

"నమ్మకుండానే నాకోసం అబద్ధం ఆడదామనుకున్నారా?"

"అవునండీ."

"నమ్మినవాళ్ళు కూడా అంత చెయ్యరు," అంది ఆమె. అది మెచ్చుకోవడమో కాదో ఓట్మార్‌కు అర్థం కాలేదు.

"కథ బాగుంది," అన్నాడు ఫోల్కర్. "సాక్ష్యమేది?"

మటిల్డా కళ్ళు మూసుకుంది. "ముందు చూడకుండా చెబుతాను. ఎడమవైపు, డ్రైవరు కిటికీ కింద, గీతలో చిన్న వంకర ఉంటుంది. మా నాన్న గీత గీస్తుంటే బల్లమీదికి ఎక్కబోయి మోచెయ్యి తగిలించాను. ఆయన కోప్పడలేదు. తుడవనూ లేదు. ఇది నీదని ఇక ఎవరైనా గుర్తుపడతారు అన్నాడు."

ఫోల్కర్ జేబులోంచి భూతద్దం తీశాడు. ఇంజనును ఎడమవైపు తిప్పి వంగాడు. గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. కిందుగా ఉల్మ్ బండి కొండ ఎక్కుతూ వెళ్ళింది. దాని చప్పుడు ఆగేదాకా కూడా ఫోల్కర్ లేవలేదు. వంకరను చూశాడు. తర్వాత గీతను మొదటి నుంచి వెంబడించాడు. చుట్టూ తిరిగి వచ్చి, మొదలెక్కడో వెతికాడు. దొరకలేదు. మళ్ళీ తిరిగాడు. పద్దెనిమిదేళ్ళ అధ్యక్షత్వంలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఓట్మార్ చూడలేదు.

చివరికి నిటారుగా నిలబడి భూతద్దాన్ని గుడ్డలో చుట్టాడు.

"ఇది చేత్తో గీసినదా?" అన్నాడు.

"ఉడత తోక వెంట్రుకల బ్రష్‌తో," అన్నాడు రైన్‌హోల్డ్ కిటికీలోంచి బయటికి చూస్తూ. "గీసేటప్పుడు ఊపిరి తీసుకునేవాడు కాదు. మేము కూడా తీసుకోకూడదు."

"మరి అడుగున నలుపెందుకుంది?" అని ఓట్మార్ అడిగాడు.

"అడుగు ఎవరు చూస్తారండీ?" అంది మటిల్డా. "మా నాన్న కనపడని చోట చుక్క రంగు వృథా చేసేవాడు కాదు. మరి ఆకుపచ్చ అడుగుదాకా ఎందుకుందో వీణ్ణి అడగండి. ఒరేయ్ అన్నయ్యా, అడుగుక్కూడా పూశావా? అంత భయపడ్డావా?"

రైన్‌హోల్డ్ చాలాసేపు ఆ నీలాన్ని చూశాడు. చెయ్యి చాపాడు గానీ ముట్టుకోలేదు.

"వంతెన గోడమీద నడిపించాను," అన్నాడు. "నాది. గోడ మలుపు తిరిగింది. ఇంజను తిరగలేదు."

"పడింది నీది."

"నాదే."

"రంగెక్కడిది?"

"నాన్న కిటికీ తలుపులకని తెచ్చి పెట్టుకున్నాడు చూడు, ఆ డబ్బా."

మటిల్డా ముందుకు వంగింది. "ఆ డబ్బా కనపడ్డం లేదని నాకు చెంపదెబ్బ పడింది."

"తెలుసు. తలుపు వెనకాలే ఉన్నాను."

"ఎనభై రెండేళ్ళురా!"

"మొదటి వారం చెబుదామనుకున్నాను," అన్నాడు రైన్‌హోల్డ్. "తర్వాత ఆలస్యమైపోయినట్టనిపించింది."

ఆమె లేచి వెళ్ళి ఆయన చెంపమీద ఒకటి వేసింది. గట్టిగా ఏం కాదు, తొంభై ఏళ్ళ చెయ్యి. తర్వాత అదే చేత్తో ఆయన కోటు కాలరు సరిచేసింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఓట్మార్, ఫోల్కర్ ఇద్దరూ పూలకుండీని పరీక్షగా చూశారు.

ఇంక రంగు వేసే పని లేదు. ఓవెన్ కాగితాన్ని రోస్విటా చించేసి, మెట్లు మళ్ళీ తుడిచింది. ఓట్మార్ చక్రాలు బిగించి, స్ప్రింగుకు నూనె వేసి, మూడు గంటలకు బాష్ గారి భోజనాల బల్లమీద పట్టాలు గుండ్రంగా పరిచాడు. అరవై బ్రెట్సెల్‌లు చెత్తకు పోయాయి. బేకరీ నుంచి తెప్పించినవి వచ్చాయి. ఎవరూ వాటి వైపు రెండోసారి చూడలేదు.

మటిల్డా తాళంచెవి తిప్పి వదిలింది. నీలం ఇంజను ఒకసారి తడబడి, కదిలింది. పన్నెండుమంది అతిథులు కాఫీ కప్పులు దించారు. అది వంకర ఉన్న వైపు వచ్చినప్పుడల్లా అందరూ ఆ వంకర కోసం ముందుకు వంగి, దాటగానే వెనక్కి వాలారు. పసుపు గీత వెలుతురులో ఒకే దారంలా తిరిగింది. చివరికి స్ప్రింగు అయిపోయి ఇంజను ఆగింది. ఫోల్కర్ కళ్ళు తుడుచుకుని, నూనె చింది పడిందన్నాడు.

ఆ తర్వాత మటిల్డా మాటకు ఆ గదిలో తిరుగులేకపోయింది. కేకు కోస్తుంటే ఎవరో ఆమెను పాత రోజుల గురించి అడిగారు. తను పద్నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, గైస్లింగెన్ కొండ మీదికి బండిని వెనక నుంచి తోసే ఇంజనును డ్రైవరు లేకుండా ఒంటరిగా, పైదాకా తానే నడిపానని ఆమె చెప్పింది. ఒకచోట ఆవులు అడ్డం వస్తే ఆపి, మళ్ళీ నడిపిందట.

రైన్‌హోల్డ్ ఫోర్కు కిందపెట్టాడు.

"అబద్ధం! నేనక్కడే ఉన్నాను. బొగ్గు మీద కూర్చుని, దించమని ఏడ్చింది. ఆవులూ లేవు, ఏమీ లేవు!"

అందరూ ఆయన వైపు జాలిగా చూశారు. రోస్విటా ఆయన పళ్ళెంలో ఇంకో కేకు ముక్క పెట్టింది.

ఫోల్కర్ జేబులోంచి సంఘం పుస్తకం తీసి, ఆవులు ఎన్ని అని అడిగి రాసుకున్నాడు.